అటక మీంచి దింపిన ఎన్‌లార్జర్: పేపర్ పెట్టె విప్పకముందే చేయాల్సిన పనులు

అమలాపురం, పాలకొల్లు, తణుకు, మండపేట... డెల్టాలో ఏ ఊరైనా సరే, పాతికేళ్ల కిందటి ఫోటో స్టూడియో ఇంకా నడుస్తుంటే లోపలికెళ్లి అడిగి చూడండి. డిజిటల్ వచ్చాక డార్క్‌రూమ్ (ఫోటోలు కడిగే చీకటి గది) సామాన్ల గది అయిపోయింది, నెగెటివ్ బొమ్మని పెద్దది చేసి పేపర్ మీద వేసే ఎన్‌లార్జర్ అటకెక్కింది. పాత ఇనుముకి అమ్మేయడానికి మనసొప్పక దాచినవాళ్లు చాలామంది ఉన్నారు. నా దగ్గరున్నది కూడా అలా గోనెసంచిలో చుట్టి ఉన్నదే.

దాన్ని ఇంటికి తెచ్చిన వారంలోనే ఫోటో పేపర్ కొన్నాను. మూడు రాత్రుల్లో ఇరవై ఐదు షీట్ల పెట్టె ఖాళీ అయింది. ప్రతి ప్రింటులోనూ కుడి పక్క మసక, తెల్లగా ఉండాల్సిన చోట బూడిద రంగు. నేను ప్రింట్లు కడిగే మందుల్ని అనుమానించాను, నా చేతిని అనుమానించాను. చివరికి ఆ స్టూడియో మాష్టారి దగ్గరికే పట్టుకెళ్లి చూపిస్తే ఆయన ఒకటే మాట అన్నారు: "పేపరు లోపల పెట్టెయ్యండి బాబూ. ముందు నాలుగు రాత్రులు మిషన్ని చూసుకోండి." చూశాను. మసకకి కారణం మిషన్ తల వంకర. బూడిద రంగుకి కారణం ఎర్ర బల్బు. రెండూ పేపర్ పెట్టె విప్పకముందే కనిపెట్టగలిగినవే. అందుకే ఈ మార్గదర్శిలో పేపర్ చివరాఖరికి వస్తుంది.

తెచ్చుకునే ముందు

దుర్‌స్ట్, మెయోప్టా, క్రోకస్, బెసెలర్, ఏ కంపెనీదైనా లోపలి ఏర్పాటు ఒకటే. పైన బల్బు, దాని కింద వెలుగుని కూడదీసే కండెన్సర్ అద్దాలు, నెగెటివ్ పెట్టే క్యారియర్, తిత్తి (మడతల గొట్టం), లెన్స్. ఇదంతా కలిపి తల. దాన్ని మోసే స్తంభం, దాని అడుగున పలక.

ముందుగా క్యారియర్ ఉందో లేదో చూడండి. లెన్స్ పోయినా దొరుకుతుంది, ఎందుకంటే ఎక్కువ లెన్సులకి 39 మి.మీ. మర ఒకటే కొలత. క్యారియర్ మాత్రం ఆ మోడల్‌ది ఆ మోడల్‌కే సరిపోతుంది. అది లేకపోతే నల్ల అట్టని కత్తిరించి చేసుకోవాలి. చేయొచ్చు, కానీ ఆ పని ముందే తెలిసుండాలి.

రెండోది, నెగెటివ్ సైజుకి తగిన లెన్స్. 35 మి.మీ. ఫిల్ముకి 50 మి.మీ. లెన్స్, 6×6 (సెంటీమీటర్లు) నెగెటివ్‌కి 75 లేదా 80, 6×7కి 90, 6×9కి 105. పాత స్టూడియోల్లో 120 ఫిల్ము (6×6 లాంటి పెద్ద నెగెటివ్‌ల రోలు) ఎక్కువ వాడేవారు కాబట్టి మిషన్‌తో పాటు 75 మి.మీ. లెన్స్ మాత్రమే రావచ్చు. దాంతో 35 మి.మీ. నెగెటివ్ ప్రింట్ చేయొచ్చు, కానీ తలని చాలా ఎత్తుకి లేపాలి. 50 మి.మీ. లెన్స్‌తో 6×6 వేస్తే మాత్రం మూలలు చీకటైపోతాయి.

ఇంకో జాగ్రత్త. చాలా మిషన్లలో తల బరువుని మోయడానికి స్తంభం లోపల బలమైన స్ప్రింగు ఉంటుంది. విప్పి మోసుకురావాలనుకుంటే తలని పూర్తిగా పైకి లేపి, లాక్ బిగించి, ఆ తర్వాతే ఊడదీయండి. తల తీసేశాక లాక్ వదిలితే ఆ స్ప్రింగు ఒక్కసారిగా పైకి తన్నుతుంది. చెయ్యి అక్కడ ఉండకూడదు.

మొదటి రాత్రి: కరెంటు

ప్లగ్గు పెట్టకండి. ముందు వైరు చూడండి. పాత రబ్బరు వైరు మన ఉక్కపోతకి పగిలి పొడిపొడిగా రాలుతుంది. గుడ్డ చుట్టిన వైరైతే ఇంకేమీ ఆలోచించొద్దు, మార్చేయండి. తల మొత్తం లోహం కాబట్టి మూడు తీగల వైరు వేసి, పచ్చ తీగని బాడీకి బిగించి, మూడు పిన్నుల ప్లగ్గు పెట్టించండి. తడి చేతులతో, తడి నేల మీద చేసే పని ఇది. ఇందులో పొదుపు చేయొద్దు. మీటరు ఉంటే ప్లగ్గు పిన్నులకీ బాడీకీ మధ్య కలిసిందేమో చూడండి (ఎర్త్ పిన్ను తప్ప మరేదీ కలవకూడదు). మీకు అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సీరీస్ బల్బు (మిషన్‌తో వరసలో కలిపే మామూలు బల్బు) మీద మొదటిసారి వెలిగించమనండి. లోపల షార్టుంటే సీరీస్ బల్బు పూర్తి కాంతితో వెలుగుతుంది, ఫ్యూజు పోదు. కానీ మనిషిని షాకు నుంచి అది కాపాడదు.

పేరు రేకు మీద 110 లేదా 120 వోల్టులని రాసి ఉంటే భయపడక్కర్లేదు. ఉత్త బల్బు మిషనైతే వైరూ హోల్డరూ మార్చి 230 వోల్టుల బల్బు పెట్టుకోవచ్చు. కలర్ హెడ్ (రంగు ఫిల్టర్లు లోపలే ఉన్న తల) ఉండి, హాలోజన్ బల్బు 12 లేదా 24 వోల్టులదైతే మాత్రం దానికి తగిన ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

అసలు ఎన్‌లార్జర్ బల్బు పాలతెలుపు గాజుతో, 75 లేదా 150 వాట్లతో ఉంటుంది. ముందు వైపు అక్షరాలేమీ ఉండవు. ఇంట్లో వాడే బల్బుకి మొహం మీద కంపెనీ పేరు అచ్చేసి ఉంటుంది, దాని నీడ కాగితం మీద పడుతుంది. ఇప్పుడు ఎల్.ఇ.డి. బల్బులతోనూ పని జరుగుతుంది. గుండ్రటి పాలతెలుపు డోము ఉన్నది, పాత బల్బు ఎత్తుకి దగ్గరగా ఉండేది ఎంచుకోండి. దాని వేడి తక్కువ, నెగెటివ్ వంగదు. ఒక్క పరీక్ష చేయండి. చీకట్లో స్విచ్ ఆపి చూడండి. కొన్ని ఎల్.ఇ.డి.లు ఆపిన తర్వాత కూడా మిణుగురులా మినుకుతూ ఉంటాయి. అది పేపర్‌కి చాలు, పాడైపోవడానికి.

రెండో రాత్రి: విప్పడం, తుడవడం

ప్రతి మర విప్పే ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. కండెన్సర్లు సాధారణంగా రెండు అద్దాలు, ఒక పక్క చదును, ఒక పక్క ఉబ్బు. ఉబ్బులు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి, చదునులు బయటికి. ఇది తిరగబడితే వెలుగు మధ్యలో మచ్చలా పడుతుంది. మా దగ్గర దించిన చాలా మిషన్లలో మధ్యలో ఎవరో తుడవడానికి విప్పి తప్పుగా పెట్టినవే కనిపించాయి. బల్బుకీ కండెన్సర్‌కీ మధ్య వేడిని ఆపే అద్దం ఉంటే దాన్ని కూడా మళ్లీ అక్కడే పెట్టండి.

అద్దాల్ని చల్లటి నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బుతో కడిగి, మెత్తటి నూలుగుడ్డతో ఆరబెట్టండి. స్తంభం తుప్పు పట్టి ఉంటే సన్న ఎమరీ పేపర్‌తో తేలిగ్గా రుద్ది తుడవండి. నూనె వేయాలనిపిస్తుంది, ఆగండి. తల పళ్ల చక్రం మీద నడిచేదైతే ఆ పళ్లకి మాత్రం కాస్త గ్రీజు. రాపిడి మీద నిలబడేదైతే నూనె తగిలితే తల జారిపోతుంది, స్పిరిట్‌తో తుడిచి పొడిగా వదిలేయాలి.

తిత్తిని పరీక్షించడం సులువు. గది చీకటి చేసి, లోపల చిన్న టార్చి పెట్టి, మడతల మూలలు చూడండి. సూదిమొన వెలుగు కనిపించిన చోట నల్ల గుడ్డ ముక్క జిగురుతో అంటించండి. అడుగు పలక ఉబ్బి ఉంటే, చెద తిని ఉంటే సర్దుకోవద్దు. వడ్రంగి దగ్గర 19 మి.మీ. మంచి ప్లైవుడ్ కోయించి పెట్టించండి. వంకర పలక మీద తర్వాత చేసే మట్టం పనంతా వృథా.

లెన్స్ మీద బూజు

మన ప్రాంతంలో ఇది తప్పనిసరిగా ఎదురయ్యే విషయం. ఆరేడు నెలలు గాలిలో తడి. దాచిన లెన్స్‌ని వెలుగుకి ఎదురు పట్టి అటూఇటూ తిప్పి చూస్తే సాలీడు గూడులాంటి తీగలు కనిపిస్తాయి. పై అద్దం మీద ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన లెన్స్ టిష్యూతో మధ్యనుంచి అంచుకి సున్నితంగా తుడిస్తే పోతుంది. లోపల ఉంటే, మీకు విప్పడం రాకపోతే, కెమెరాలు బాగుచేసేవారికి ఇవ్వండి. పూత మీదున్న బూజు కొన్నిసార్లు మచ్చ వదిలిపోతుంది. పలచని మచ్చ వల్ల ప్రింటుకి పెద్ద నష్టం లేదు, కానీ అద్దమంతా మబ్బు పట్టి ఉంటే నలుపు నల్లగా రాదు.

తుడిచిన లెన్స్‌ని మిషన్‌కి వదిలేయకండి. పని కాగానే తీసి, బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ సంచితో పెట్టండి. నీలం గుళికలు గులాబీ రంగుకి మారితే పెనం మీద వేడిచేసి మళ్లీ నీలం చేసుకోవచ్చు. ఆ పెనాన్ని వంటకి మాత్రం వాడొద్దు.

మూడో రాత్రి: మట్టం

ఈ ఒక్క పనికి మీ ఓపికంతా దాచుకోండి. నెగెటివ్, లెన్స్, అడుగు పలక మూడూ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా ఒక మూల మసకే. కొత్తవాళ్లు దీన్ని ఫోకస్ తప్పనుకుని నెలల తరబడి గుబ్బ తిప్పుతూ ఉంటారు.

తాపీ మేస్త్రీ వాడే రసమట్టంలో చిన్న సైజుది ఒకటి కొనండి. ముందు అడుగు పలక మీద పెట్టండి. ముందుకీ వెనక్కీ, ఎడమకీ కుడికీ రెండు దిశల్లోనూ బుడగ మధ్యకి వచ్చేదాకా కాళ్ల కింద అట్టముక్కలు దోపండి. తర్వాత క్యారియర్ తీసేసి, నెగెటివ్ ఉండే చోట పెట్టండి. తలకి వంపు మర ఉంటే దాన్ని వదులు చేసి సర్దండి. లేకపోతే స్తంభం పలకకి బిగిసే చోట పల్చటి రేకు ముక్క దోపాలి. లెన్స్ పలకని చివరన చూడండి. అక్కడ వంకరుంటే పోస్టుకార్డు మందం కాగితం ముక్క ఒక అంచున పెడితే చాలు.

ఇప్పుడు కంటితో నిర్ధారించుకోవాలి. ఫిల్ము మొదట్లో వెలుగు తగిలి పూర్తిగా నల్లబడిన ముక్క ఉంటుంది కదా, దాన్ని తీసుకుని సూదితో మధ్యలో ఒక అడ్డగీత, నాలుగు మూలల్లో నాలుగు గీయండి. క్యారియర్‌లో పెట్టి వెలిగించి, లెన్స్ పూర్తిగా తెరిచి, మధ్య గీతని ఫోకస్ చేయండి. అలాగే వదిలేసి నాలుగు మూలలూ భూతద్దంతో చూడండి. నాలుగూ సమానంగా పదునుంటే మట్టం కుదిరినట్టే. నాలుగూ సమానంగా మెత్తబడితే అది లెన్స్ గుణమో, వేడికి ఫిల్ము మధ్యలో ఉబ్బడమో, మట్టం తప్పు కాదు. ఒక పక్క మాత్రమే మసకగా ఉంటే మళ్లీ ఆ పక్క కాగితం ముక్క సర్దండి. నాకు ఇది కుదరడానికి దాదాపు మూడు గంటలు పట్టింది. ఆ రాత్రి తర్వాత కుడి పక్క మసక మళ్లీ రాలేదు.

తలని ఒకసారి కిందా ఒకసారి పైనా పెట్టి ఇదే పరీక్ష చేయండి. పాత స్తంభాలు ఎత్తుకి వెళ్లేకొద్దీ ముందుకి వాలతాయి. అలా వాలితే స్తంభం పైకొసని ఎల్ ఆకారం పట్టీతో గోడకి బిగించేయండి. దానితో ఊగిసలాట కూడా తగ్గుతుంది.

నెగెటివ్ లేకుండా వెలిగించి తెల్లకాగితం మీద పడ్డ వెలుగు కూడా అప్పుడే చూసుకోండి. కళ్లు సగం మూసి చూస్తే మూలల చీకటి తేలిగ్గా తెలుస్తుంది. బల్బు కడ్డీని పైకీ కిందకీ జరిపి సమానమయ్యే చోట బిగించండి.

నాలుగో రాత్రి: గది, ఎర్ర దీపం

పెంకుటింట్లో పగలు డార్క్‌రూమ్ కుదరదు. ఎన్ని సందులు మూసినా పెంకుల మధ్యనుంచి వెలుగు దిగుతూనే ఉంటుంది. రాత్రి చేయండి. డాబా ఇంట్లో బాత్‌రూమ్ చాలు. కిటికీకి చేపల చెరువు గట్లకి వేసే మందపాటి నల్ల షీటు రెండు పొరలుగా కొట్టి, తలుపు కింద గుడ్డ దోపి, లోపల ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. కళ్లు చీకటికి అలవాటయ్యాక చేతిలోని తెల్లకాగితం కనిపిస్తే ఇంకా ఎక్కడో సందుంది. వానాకాలంలో ఉసుళ్లు కూడా ఆ సందుల్లోంచే వస్తాయి.

పూజగదికి పెట్టే ఎర్ర జీరో బల్బు చాలామంది వాడతారు. నేనూ వాడాను, అదే నా ప్రింట్లని బూడిద చేసింది. పేపర్‌కి నీలం, పచ్చ వెలుగంటే పడదు. రంగు పూసిన బల్బుల్లోంచి అవి కాస్తకాస్త కారతాయి. పేపర్ ఖర్చు లేకుండా పరీక్షించాలంటే పాత సి.డి. వెనక వైపు ఆ బల్బు ప్రతిబింబం చూడండి. ఎరుపు తప్ప నీలమో పచ్చో తళుక్కుమంటే దాన్ని పక్కన పెట్టేయండి. మంచి ఎర్ర దీపాన్ని కూడా 15 వాట్లకి మించకుండా, ట్రేలకి కనీసం నాలుగు అడుగుల దూరంలో పెట్టాలి. ఫోన్ తెర ఎంత తగ్గించినా తెల్ల వెలుగే, బయట వదిలిపెట్టండి.

వోల్టేజి సంగతి

ఇది పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది, మన దగ్గర మాత్రం ప్రింట్లని పాడుచేస్తుంది. మామూలు తీగ బల్బుకి వోల్టేజి పది శాతం పడిపోతే వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. రంగు కూడా ఎరుపెక్కుతుంది, దాంతో కాంట్రాస్టు మారుతుంది. భీమవరం, ఆకివీడు వైపు చెరువుల్లో ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) రాత్రంతా తిరుగుతుంటాయి. ఆ లైను మీద ఉన్న ఇంట్లో ఒకే 12 సెకన్లకి రెండు వేర్వేరు ప్రింట్లు వచ్చాయంటే ఆశ్చర్యపోవద్దు. టీవీకి వాడే మంచి స్టెబిలైజర్ ఒకటి పెడితే చాలావరకు తగ్గుతుంది. ఎల్.ఇ.డి. బల్బులు వోల్టేజి మార్పుని బాగా తట్టుకుంటాయి. మా వైపు ఎల్.ఇ.డి.కి మారమని నేను చెప్పడానికి పెద్ద కారణం ఇదే.

మందులు, నీళ్లు

ముందు డెవలపర్, అంటే పేపర్ మీద బొమ్మని తేల్చే మందు. తయారు మందు దొరికితే దాని పొట్లం మీద ఉన్నట్టే కలపండి. దొరక్కపోతే కొడక్ వారి డి-72 సూత్రం ఇంట్లో కలుపుకోవచ్చు. ముప్పావు లీటరు గోరువెచ్చని నీళ్లలో వరసగా మెటాల్ 3 గ్రాములు, సోడియం సల్ఫైట్ 45, హైడ్రోక్వినోన్ 12, నీరు లేని సోడియం కార్బొనేట్ 67.5, పొటాషియం బ్రోమైడ్ 2 గ్రాములు. ఒకటి పూర్తిగా కరిగాకే ఇంకొకటి వేసి, చివర లీటరుకి నింపాలి. వాడేటప్పుడు ఒక భాగానికి రెండు భాగాల నీళ్లు. మెటాల్ కొందరి చర్మానికి పడదు, గ్లవుజులు వేసుకోండి. డెవలపర్ పనిని ఆపే స్టాప్‌కి కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్‌లో రెట్టింపు నీళ్లు కలిపితే సరిపోతుంది. బొమ్మని నిలబెట్టే హైపో లీటరుకి 250 గ్రాములు. కరిగేటప్పుడు నీళ్లు చల్లబడతాయి కాబట్టి వేడినీళ్లతో మొదలుపెట్టండి. చెరువుల్లో క్లోరిన్ విరవడానికి వాడే సోడియం థయోసల్ఫేట్ ఈ హైపోనే. అందుకే మన ఊళ్ల ఆక్వా మందుల షాపుల్లో అడిగినా దొరుకుతుంది.

మందులకి 20 డిగ్రీలు ప్రామాణికం. మే నెలలో మనకి కుళాయి నీళ్లే అంతకంటే చాలా వేడి. డెవలపర్ ట్రేని మంచుముక్కలు వేసిన పెద్ద బేసిన్‌లో పెట్టి 20 నుంచి 24 మధ్య నిలబెట్టండి. నా వరకూ సంక్రాంతి ముందు నెల రోజులే అసలైన ప్రింట్ల కాలం.

సముద్రం దగ్గర ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పు. డెవలపర్‌కి ఇరవై లీటర్ల క్యాను నీళ్లే వాడండి. కడుగుడికి మాత్రం ఉప్పునీళ్లు పనికొస్తాయి, నిజానికి హైపో అందులో త్వరగా వదులుతుంది. చివర్లో మంచినీళ్లతో తప్పకుండా జాడించాలి, లేకపోతే ఉప్పు ప్రింటులో ఉండిపోతుంది. కాలువ నీళ్లు ఒండ్రుతో వస్తే గుడ్డలో వడకట్టండి.

ఇప్పుడు పేపర్

స్టూడియోలో మిషన్‌తో పాటు ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' పేపర్ పెట్టె ఇచ్చారా? ఒక ముక్కని చీకట్లోనే డెవలపర్‌లో వేసి, హైపో చేసి చూడండి. బూడిద రంగు వస్తే ప్రింటుకి పనికిరాదు. కొత్త ఆర్.సి. (ప్లాస్టిక్ పూత ఉన్న) పేపర్‌తో మొదలుపెట్టండి, త్వరగా కడుగుడు పడుతుంది, త్వరగా ఆరుతుంది.

మొదట ఎర్ర దీపం పరీక్ష పూర్తిచేయండి. ఒక ముక్కకి ఎన్‌లార్జర్‌తో లేత బూడిద వచ్చేంత వెలుగు ఇచ్చి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి ఎర్ర దీపం కింద ఐదు నిమిషాలు వదిలి, కడగండి. బిళ్ల గుర్తు కనిపిస్తే దీపం ఇంకా దూరం జరపాలి. వెలుగు తగలని తెల్లకాగితం మీద చేస్తే ఈ పరీక్ష అబద్ధం చెబుతుంది.

నెగెటివ్ మెరుపు లేని పక్క కిందికి, పేపర్ వైపు ఉండాలి. పాత పేపర్ వెనక వైపు మీద బొమ్మ వేసి, లెన్స్ పూర్తిగా తెరిచి, ముఖం కాదు, ఫిల్ము గింజలు కనిపించేలా ఫోకస్ చేయండి. ఆ తర్వాత రెండు మెట్లు మూయండి (ఎఫ్ 2.8 లెన్స్ అయితే 5.6కి, ఎఫ్ 4 అయితే 8కి). సీలింగ్ ఫ్యాను ఆపేయండి. ఉక్కగా ఉంటుంది, నిజమే, కానీ ఆ కదలిక స్తంభం దాకా వస్తుంది. స్విచ్ వేసే ముందు పది లెక్కపెట్టి అంతా నిశ్చలమయ్యేదాకా ఆగండి.

పరీక్ష ముక్కకి రెండో గ్రేడు ఫిల్టర్ (కాంట్రాస్టు మార్చే రంగు ఫిల్టర్) పెట్టండి. మొత్తానికి 5 సెకన్లు ఇచ్చి, అట్టతో ఒక వంతు మూసి 2, మరో వంతు మూసి 3, ఆ తర్వాత 4, 6, 8 ఇవ్వండి. పట్టీలు 5, 7, 10, 14, 20, 28 సెకన్లుగా వస్తాయి. ప్రతిదీ ముందుదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. ఐదేసి సెకన్లు పెంచుకుంటూ పోతే చివరి పట్టీల మధ్య తేడా కనపడదు. డెవలపర్‌లో పూర్తిగా ఒక నిమిషం ఉంచండి. నల్లగా అవుతోందని మధ్యలో లాగేయకండి. ముందు తెలుపు సరిగా ఉన్న పట్టీని చూసి సమయం ఎంచుకుని, తర్వాత నలుపు చాలకపోతే ఫిల్టర్ అంకె పెంచండి.

తలని లేపి పెద్ద ప్రింటు వేయాలంటే కొత్త సమయాన్ని ఊహించనక్కర్లేదు. ఎన్ని రెట్లు పెద్దదవుతోందో దానికి ఒకటి కలిపి వర్గం చేయండి. 4 రెట్ల ప్రింటుకి 25, 8 రెట్లకి 81. అంటే 4 రెట్లకి 10 సెకన్లు పట్టిన నెగెటివ్‌కి 8 రెట్లకి దాదాపు 32 సెకన్లు.

వాడేసిన హైపో

హైపోలో ప్రింట్ల వెండి కరిగి ఉంటుంది. దాన్ని కాలువలోకో, చెరువుకి పోయే బోదెలోకో వదలకండి. పక్క చెరువులో రొయ్యపిల్లలు ఉంటాయి, అదే కాలువ నీళ్లు దిగువ ఊరు తాగుతుంది. ప్లాస్టిక్ క్యానులో పోసి, ఇనుప పీచు ముంచి కొన్ని రోజులు వదిలితే వెండి అడుగున నల్లటి మడ్డిగా దిగుతుంది (స్టెయిన్‌లెస్ స్టీలు పీచుతో ఇది జరగదు). ఆ మడ్డిని, ఎక్స్‌రే ఫిల్ములు కొని వెండి తీసేవాళ్లు తీసుకుంటారు. నేను క్యాను మీద తేదీ రాసి ఇంటి వెనక నీడలో పెడతాను, రెండు క్యానులు నిండాక వాళ్లకి కబురు పెడతాను.